ఒక పల్లె మందిరపు గోడ మీద పదకొండుమంది



మన మందిరానికి ఈ సంవత్సరం సున్నం కొట్టించి రంగులు వేయించాలని పెద్దలు అనుకున్న నాటి నుండి ఒక ప్రశ్న మా చెవిన పడుతూనే ఉంది. గోడల మీద వాక్యాలు మాత్రమే వ్రాయించాలా, బొమ్మలు కూడా వేయించవచ్చా? యౌవనస్థులు బొమ్మలు కావాలంటున్నారు. పెద్దవారిలో కొందరు అది విగ్రహారాధనకు మొదటి మెట్టు అంటున్నారు. ఇద్దరి మాటల్లోనూ భక్తి ఉంది గనుక ఎవరినీ తీసివేయలేము. అయితే ఈ తగవు మన ఊరిలో పుట్టినది కాదు, సంఘము వందల సంవత్సరాలుగా మోస్తున్నది. అందుకే ఈసారి మిమ్మల్ని దూరదేశంలో ఉన్న ఒక పల్లె మందిరానికి తీసుకువెళ్ళాలని అనుకున్నాము.

ఆ ఊరి పేరు హ్రాస్తోవ్లే. ఇటలీకి తూర్పున ఆనుకుని ఉన్న స్లొవేనియా దేశంలో, కోపర్ అనే సముద్రతీరపు పట్టణానికి లోపలి వైపున ఉంది. స్లొవేనియా ఎంత దేశమంటే, మన పాత అనంతపురం జిల్లా కంటే కాస్త పెద్దది, అంతే. అందులో హ్రాస్తోవ్లే కొండల మధ్య రాళ్ళ నేల మీద ఉన్న చిన్న పల్లె. ఊరి పక్కన గుట్ట మీద పరిశుద్ధ త్రిత్వ మందిరం ఉంది. గోడలు రాయి, పైకప్పు కూడా రాతి పలకలే. చుట్టూ కోటగోడ లాంటి ఎత్తైన ప్రాకారం, మూలల్లో బురుజులు. 16వ శతాబ్దంలో తురుష్క సైన్యాలు ఈ ప్రాంతాల మీద పడి దోచుకునేవి. అప్పుడు ఊరివాళ్ళు దాక్కోవడానికి ఆ ప్రాకారం కట్టారు. బయటినుండి చూస్తే గోడ పైన గంటగోపురం తప్ప మందిరం ఎక్కువగా కనబడదు.

మందిరం ఆ ప్రాకారం కంటే ఎంతో పాతది. లోపల స్తంభాల వరుసలు దానిని మూడు నడవలుగా విడదీస్తాయి. నడవలు అన్నామని పెద్దదనుకోవద్దు. మన పాత మందిరమంత కూడా ఉంటుందో ఉండదో. అయితే లోపలికి అడుగు పెట్టినవాడు ఎటు తిరిగినా బొమ్మలే. గోడలు, స్తంభాల పైన కమానులు, తల మీది కప్పు, అంతా చిత్రాలే. 1490లో కస్తవ్ అనే ఊరికి చెందిన యోహాను అనే చిత్రకారుడు వాటిని వేశాడు. తన పేరునూ సంవత్సరాన్నీ గోడ మీదనే వ్రాసి పెట్టాడు గనుక మనకు తెలిసింది.

1490 అంటే ఎలాంటి కాలమో ఒక్క మాట. అదే సంవత్సరంలో ఇటలీలోని ఫ్లారెన్స్ నగరంలో గిర్లాండాయో అనే పేరుమోసిన చిత్రకారుడు ఒక ధనిక వర్తక కుటుంబం కోసం పెద్ద దేవాలయంలో గోడల చిత్రాలు పూర్తి చేశాడు. ఆయన దగ్గర పని నేర్చుకున్న పిల్లవాడే మైకెలాంజెలో. చరిత్ర పుస్తకాలు పునరుజ్జీవనం అని పిలిచే కాలం అది. హ్రాస్తోవ్లేలో బొమ్మలు వేసిన యోహానుకు అంత చెయ్యి లేదు. ఆయన మనుష్యులు కొంచెం పొట్టిగా, చదునుగా, పాత పద్ధతిలోనే ఉంటారు. కాని ఫ్లారెన్స్ గోడ మీద డబ్బు పెట్టిన కుటుంబంవారు కూడా బైబిలు దృశ్యాల మధ్య నిలబడి కనిపిస్తారు. హ్రాస్తోవ్లే గోడ మీద ఎవరు కనిపిస్తారో కాసేపట్లో చూద్దాము.

ఈ చిత్రాలను ఫ్రెస్కోలు అంటారు. ఇటలీ భాషలో ఆ మాటకు తాజా, పచ్చి అని అర్థం. సున్నం పని ఎరిగిన మన పెద్దలకు ఇది చప్పున అర్థమవుతుంది. సున్నపురాయి కాల్చి, నీళ్ళు పోసి విరియబెట్టి, ఇసుక కలిపి గోడకు పూత పూస్తారు. ఆ పూత పచ్చిగా ఉన్నప్పుడే, నీళ్ళలో కలిపిన రంగుతో బొమ్మ వేస్తారు. పూత ఆరుతూ గాలిని పీల్చుకుని మళ్ళీ రాయి అవుతుంది. రంగు దాని లోపల చిక్కుకుపోతుంది. అందుకే ఆ రోజుకు ఎంత వేయగలడో అంతమేరకే పూత పూయించుకుంటాడు చిత్రకారుడు. మధ్యాహ్నం కునుకు తీస్తే గోడ ఆరిపోతుంది. మన ఊళ్ళలో గానుగ సున్నంతో కట్టిన పాత గోడలు ఎంత గట్టివో మీరు ఎరుగుదురు. ఇదీ ఆ సున్నం మహిమే.

ఇక గోడల మీద ఏముంది? కప్పు మీద ఆదికాండము మొదటి అధ్యాయాలు. దేవుడు లోకమును సృజించుట, ఆదాము హవ్వలు, వారి పతనం, తోటలోనుండి వెళ్ళగొట్టబడుట, తరువాత చెమటోడ్చి బ్రతుకుట, కయీను హేబెలుల కథ. మరొకచోట ఏడాదిలో నెలలు, ఏ నెలకు తగిన పనులు ఆ నెలలో చేసుకుంటున్న మనుష్యులు. వ్యవసాయం చేసుకునే పల్లెకు ఇంతకంటే దగ్గరి బొమ్మ ఏముంటుంది? ఒక గోడ మీద జ్ఞానులు శిశువైన యేసును వెదకుచు గుర్రాల మీద వచ్చే పొడవాటి ఊరేగింపు. దానికి ఎదురుగా దక్షిణపు గోడ మీద ప్రభువు శ్రమలు.

ఇక్కడ ఒక మాట దాచకుండా చెప్పాలి. సృష్టి చిత్రాలలో తండ్రియైన దేవుణ్ణి మనిషి రూపంలో వేశారు. ఆ విషయంలో మేము ఆ చిత్రకారునితో ఏకీభవించలేము. హోరేబులో దేవుడు అగ్నిమధ్యనుండి మాట్లాడినప్పుడు ప్రజలు స్వరము విన్నారే గాని ఏ రూపమును చూడలేదని ద్వితీయోపదేశకాండము 4వ అధ్యాయములో మోషే జ్ఞాపకం చేస్తాడు. మన పెద్దలు బొమ్మలంటే జంకడానికి ఆధారం ఆ అధ్యాయమే, ఆ జంకు మంచిదే.

అయితే మనం ఇంత దూరం వచ్చింది దక్షిణపు గోడ కింది వరుస కోసం. ప్రభువు శ్రమల చిత్రాల కిందుగా ఒక ఊరేగింపు సాగుతుంది. కుడి చివర ఒక అస్థిపంజరం సింహాసనం మీద కూర్చుని ఉంది. అది మరణం. దాని దగ్గర తెరిచిన సమాధి, గుంట తవ్వే పనిముట్లు. ఆ గుంటవైపు పదకొండుమంది మనుష్యులు నడుస్తున్నారు. ఒక్కొక్కరి చెయ్యి పట్టుకుని నడిపించడానికి ఒక్కొక్క అస్థిపంజరం. అందరికంటె ముందు పోపు, తరువాత రాజు, రాణి. ఆ వెనుక కార్డినల్, బిషప్, సన్యాసి, వర్తకుడు, యౌవనుడు, కర్రలతో నడిచే కుంటివాడైన భిక్షగాడు మొదలైనవారు. అందరికంటె చివర ఒక చిన్న బిడ్డ. ఉయ్యాలలోనుండి అప్పుడే లేచి వచ్చినట్టు ఉంటుంది.

చూడండి, సమాధికి పోయే వరుసలో కూడా మర్యాదలు తప్పలేదు. పెద్దవారికి ముందు చోటు, భిక్షగానికి వెనుక చోటు. విందులో అగ్రస్థానం కోరుకునేవారి గురించి ప్రభువు చెప్పిన ఉపమానం మాకు గుర్తుకు వచ్చి నవ్వు వచ్చింది. ఈ అగ్రస్థానం మాత్రం ఎవరికీ అక్కరలేదు! ఇంకొక సంగతి. మనుష్యుల బట్టలు వేరు, టోపీలు వేరు, కిరీటాలు వేరు. అస్థిపంజరాలు మాత్రం అన్నీ ఒకటే. రాజును నడిపించే మరణానికి కిరీటం లేదు, భిక్షగాణ్ణి నడిపించే మరణానికి చిరిగిన బట్టా లేదు. వర్తకుడు తన డబ్బుసంచిలో చెయ్యి పెట్టి మరణానికి లంచం ఇవ్వజూస్తాడు. 49వ కీర్తన చదివినవారికి ఈ బొమ్మకు వ్యాఖ్యానం అవసరం లేదు. ఎంత ధనవంతుడైనా దేవునికి క్రయధనం చెల్లించి తన ప్రాణాన్ని గాని సహోదరుని ప్రాణాన్ని గాని విడిపించుకోలేడన్నదే ఆ కీర్తన భావము.

దీనిని మరణ నాట్యం అంటారు. 1348 ప్రాంతంలో యూరపు మీద పడిన మహా తెగులు ఊళ్ళకు ఊళ్ళను తుడిచిపెట్టింది. పాతిపెట్టేవారు కూడా మిగలని చోట్లున్నాయి. ఆ తరువాత కూడా తెగులు మళ్ళీ మళ్ళీ వచ్చింది. కరోనా రోజులు చూసిన మనకు ఇప్పుడు ఈ మాట కొంచెం అర్థమవుతుంది. ఆ భయములోనుండి ఈ రకమైన చిత్రాలు పుట్టాయి. మనకు తెలిసినవాటిలో మొదటిది 1424, 1425లలో పారిస్‌లోని ఒక సమాధుల తోట గోడ మీద వేసినది, అది ఇప్పుడు లేదు. హ్రాస్తోవ్లేకు దక్షిణాన, ఇప్పటి క్రొయేషియాలో, బెరామ్ అనే మరొక పల్లె ప్రార్థనాలయంలో 1474లోనే అదే కస్తవ్ ఊరివాడైన విన్సెంటు అనే చిత్రకారుడు మరణ నాట్యం వేశాడు. ఒకే చిన్న పట్టణం నుండి వచ్చిన ఇద్దరు పనివాళ్ళు రెండు పల్లెలకు మరణం గురించి ప్రసంగం చేసి వెళ్ళారన్నమాట.

ప్రసంగం అని ఎందుకు అంటున్నామంటే, ఆ కాలంలో ఆ పల్లెల్లో చదువు వచ్చినవారు అరుదు. 600 సంవత్సరం ప్రాంతంలో మార్సెయి పట్టణపు బిషప్ సెరెనస్ తన దేవాలయంలోని బొమ్మలను జనులు పూజిస్తున్నారని పగలగొట్టించాడు. అప్పుడు రోమా బిషప్ గ్రెగరీ ఆయనకు వ్రాసిన ఉత్తరంలోని సారాంశం ఇది: పూజించనివ్వకపోవడం మంచిదే, పగలగొట్టడం మంచిది కాదు, ఎందుకంటే చదువుకున్నవాడు పుస్తకంలో చదివేదాన్ని చదువురానివాడు గోడ మీద చూసి గ్రహిస్తాడు. చూశారా, మన కమిటీ మీటింగులో వినబడిన రెండు మాటలూ 1400 ఏళ్ళ నాటి ఆ ఉత్తరాలలో ఉన్నాయి.

సంస్కరణ కాలంలో ఈ తగవు మళ్ళీ రేగింది. 1522లో లూథర్ దాగి ఉండగా విట్టెన్‌బర్గులో కార్ల్‌స్టాట్ బోధతో కొందరు బొమ్మలను తీసి పారవేయసాగారు. లూథర్ తిరిగి వచ్చి వరుసగా ఎనిమిది దినాలు ప్రసంగించాడు. బొమ్మను పూజించడం పాపమే, కాని మనుష్యుల హృదయంలోనుండి విగ్రహం పోకుండా గోడ మీద నుండి తీసినంత మాత్రాన ఏమి ప్రయోజనం అన్నది ఆయన వాదన సారం. తరువాత కాలంలో, స్థోమత ఉన్నవారు బైబిలు కథలను ఇళ్ళ గోడల మీద వేయించుకుంటే మంచిదే అని కూడా వ్రాశాడు. స్విట్జర్లాండులోని జూరిక్‌లో జ్వింగ్లీ దారి వేరు. 1524లో అక్కడి దేవాలయాలలోని బొమ్మలన్నీ తీసి గోడలకు తెల్ల సున్నం కొట్టించారు. ఇంగ్లాండులోని స్ట్రాట్‌ఫర్డ్‌లో ఒక ప్రార్థనాలయం ఉంది. దాని గోడ మీద కూడా మరణ నాట్యం ఉండేది. 1563లో ఆ ఊరి లెక్కలు చూసే అధికారి రెండు షిల్లింగులు ఇచ్చి ఆ మందిరపు బొమ్మలను కప్పించాడు. ఆ అధికారి పేరు జాన్ షేక్‌స్పియర్. మరుసటి ఏడు ఆయనకు పుట్టిన కొడుకే నాటకాలు వ్రాసిన విలియం షేక్‌స్పియర్.

హ్రాస్తోవ్లే రోమన్ కతోలిక ప్రాంతంలోనే ఉండిపోయింది. అయినా కాలక్రమంలో ఆ గోడల మీద కూడా సున్నపు పూతలు పడ్డాయి. మరణ నాట్యాన్ని ఊరే మరచిపోయింది. 1949లో యోజె పోహ్లెన్ అనే శిల్పి ఆ పూత కింద రంగు ఉన్నదని కనుగొన్నాడు. మెల్లగా పూత తీయగా పదకొండుమందీ బయటికి వచ్చారు. చెరిపివేయడానికి వాడిన సున్నమే పాత చిత్రాలను ఎండనుండి, పొగనుండి, చేతులనుండి కాపాడటం యూరపులో చాలా చోట్ల జరిగింది.

ఆ బొమ్మల మీద గీరిన అక్షరాలు కూడా కొన్ని ఉన్నాయి. అవి లాటిన్ అక్షరాలు కావు. గ్లాగొలిత్స అనే లిపి. 9వ శతాబ్దంలో స్లావు జాతులకు సువార్త చెప్పడానికి వెళ్ళిన కిరిల్ అనే మిషనరీ వారి భాషకు అక్షరాలు లేవని చూసి, ముందుగా అక్షరాలు తయారుచేశాడు. వాక్యం చెప్పడానికి పోయి ఓనమాలు దిద్దించినవారి వరుసలో ఆయన తొలివారిలో ఒకడు. ఆ అక్షరాలు ఈ ప్రాంతపు మందిరాలలో ఆరు వందల ఏళ్ళ తరువాత కూడా బ్రతికే ఉన్నాయి. 1483లో, అంటే యోహాను బొమ్మలు వేయడానికి ఏడేళ్ళ ముందు, ఆ లిపిలో ఆరాధన పుస్తకం అచ్చయింది.

ఈ మందిరానికి దగ్గరి కోపర్ పట్టణానికి 1536 నుండి వెర్జెరియో అనే ఆయన బిషప్. అంతకుముందు పోపు రాయబారిగా వెళ్ళి 1535లో విట్టెన్‌బర్గులో లూథర్‌ను కలిసినవాడు. ఆ కలయికలో లూథర్ ఆయనకు ఏమీ నచ్చలేదు! కాని కాలం గడిచేకొద్దీ ఆయన మనసు మారింది. సువార్త పక్షం వహించినందుకు విచారణ మీద పడగా, 1549లో దేశం విడిచి పారిపోయాడు. అదే కాలంలో దగ్గరి ట్రియెస్ట్ పట్టణపు బిషప్ చేరదీసి పెంచిన ప్రిమోజ్ ట్రూబర్ అనే పాదిరి కూడా జర్మనీకి పారిపోవలసి వచ్చింది. ట్రూబర్ 1550లో ట్యూబింగెన్‌లో కాటెకిజమునూ, చదువు నేర్పే చిన్న అక్షరమాలనూ తన జనుల భాషలో అచ్చు వేయించాడు. స్లొవేనియా భాషలో అచ్చయిన మొదటి పుస్తకాలు అవే. తరువాత వెర్జెరియో ప్రోత్సాహంతో మత్తయి సువార్త వచ్చింది. 1584లో డల్మాటిన్ అనే పాదిరి చేసిన సంపూర్ణ బైబిలు విట్టెన్‌బర్గులో అచ్చయింది. 1600 ప్రాంతానికి ఆ దేశంలో ప్రొటెస్టెంటులను వెళ్ళగొట్టారు, వారి పుస్తకాలు కాల్చారు. డల్మాటిన్ బైబిలును మాత్రం కాల్చలేకపోయారు. దానికి బదులు మరొకటి లేదు గనుక, కతోలిక గురువులే అనుమతి తీసుకుని దానిని వాడుకున్నారు. ఇప్పటికీ అక్కడ అక్టోబరు 31 సంస్కరణ దినము దేశమంతటికీ సెలవు. ఒక యూరో నాణెం మీద ట్రూబర్ బొమ్మ ఉంటుంది. కతోలికులే ఎక్కువగా ఉన్న దేశంలో!

తెలుగువారమైన మనకు ఈ కథ వింటే ఒళ్ళు పులకరించాలి. మన భాషలో అచ్చయిన మొదటి పుస్తకాలు కూడా ఇలాంటివే. మద్రాసులో తెలుగు నేర్చుకున్న లూథరన్ మిషనరీ బెంజమిన్ షుల్జ్, జర్మనీకి తిరిగి వెళ్ళిన తరువాత 1746లో హాలే పట్టణంలో కాటెకిజమును తెలుగులో అచ్చు వేయించాడు. స్లొవేనియా పల్లెవాడికీ తెలుగు పల్లెవాడికీ అచ్చు అక్షరం జర్మనీ నుండే, ఒకే చిన్న పుస్తకం రూపంలోనే వచ్చింది. రెండింటికీ మధ్య ఉన్న ఎడం సుమారు 200 ఏళ్ళు.

మరి బొమ్మ గెలిచిందా, అక్షరం గెలిచిందా? మేము అక్షరం పక్షమే. ట్రూబర్ పుస్తకం లేకపోతే ఆ గోడ మీది మరణం భయపెడుతుంది గాని ఎక్కడికి పారిపోవాలో చెప్పదు. కింది వరుస చూసి వణికినవాడు తల ఎత్తితే పై వరుసలో ప్రభువు శ్రమలు ఉన్నాయి నిజమే. కాని మరణభయము చేత జీవితకాలమంతా దాస్యములో ఉన్నవారిని విడిపించడానికే ఆయన మరణించాడని హెబ్రీ పత్రిక 2వ అధ్యాయం చెప్పే సంగతి, ఎవరో ఒకరు నోరు తెరచి చెబితేనే తెలుస్తుంది.

అంతమాత్రాన గోడను తీసివేయలేము. మన మందిరంలో నాలుగు వాక్యాలు పెద్ద అక్షరాలతో వ్రాయించాము. మన సంఘంలో ఎంతమంది అవ్వలు వాటిని చదవగలరు? ప్రతి ఆదివారం అందరికంటె ముందుగా వచ్చి చాప మీద కూర్చునేది వాళ్ళే. మన గోడలు వాళ్ళతో ఒక్క మాట మాట్లాడవు. సండే స్కూలు పిల్లలకు బొమ్మల చార్టులు తెప్పిస్తాము, ఎవరూ విగ్రహారాధన అనరు. మెదక్ పెద్ద గుడికి వెళ్ళి ప్రభువు జననము, సిలువ, ఆరోహణము ఉన్న అద్దాల కిటికీల ముందు ఫోటోలు దిగుతాము, అప్పుడూ ఎవరూ ఏమీ అనరు. అవ్వల దగ్గరికి వచ్చేసరికే మనకు రెండవ ఆజ్ఞ గుర్తుకు రావడం మాకు న్యాయంగా తోచలేదు.

కాని మమ్మల్ని ఎక్కువ కలవరపెట్టినది బొమ్మ వేయాలా వద్దా అన్నది కాదు, హ్రాస్తోవ్లే పల్లెవారు ఆ బొమ్మను గోడ మీద వేయనిచ్చారన్నది. బిషప్ పరిశీలనకు వస్తే తన టోపీని ఆ వరుసలో చూసుకోవాలి. వర్తకుడు కానుక వేయడానికి వస్తే తన సంచిని చూసుకోవాలి. మన మందిరంలో అటువంటి బొమ్మ వేస్తే ఆ వరుసలో ఎవరెవరిని నిలబెడతాము? మన ప్రాంతంలో బ్రతికినవారికి వేరు వేరు వాడలున్నట్టే చనిపోయినవారికీ వేరు వేరు స్థలాలున్నాయి. మనవారి శవాన్ని ఏ దారిన తీసుకువెళ్ళాలన్న దాని మీద గొడవలు పడ్డ ఊళ్ళు మీకు తెలుసు. అది బయటివారు చేసే అన్యాయం. మనవారి సమాధుల స్థలంలోనే ఈ వైపు ఒక కులపు క్రైస్తవులకు, ఆ వైపు మరొక కులపు క్రైస్తవులకు అని గీత గీసుకున్న సంఘాలు ఉన్నాయి. అది ఎవరు చేసిన అన్యాయం? 1490లో, లూథర్ ఇంకా ఏడేళ్ళ పిల్లవాడుగా ఉన్నప్పుడు, చదువురాని ఒక పల్లె పోపునూ భిక్షగాణ్ణీ ఒకే గుంటకు నడిపించింది. బైబిలు చేతిలో ఉన్న మనం ఒకే తోటలో పక్క పక్కన పడుకోలేమా?

రంగుల విషయం వచ్చే కమిటీలో పెద్దలు తీర్మానిస్తారు. గోడ మీద తండ్రియైన దేవుని రూపం వేయించకూడదన్నది మా మనవి. తప్పిపోయిన కుమారుడు, మంచి సమరయుడు వంటి ఉపమానాల బొమ్మలకు మాకు అభ్యంతరం లేదు. సమాధుల స్థలం గురించి కూడా ఆ రోజే మాట్లాడాలని ఎజెండాలో వ్రాయించాము.

వచ్చే ఆదివారం ఆరాధన అయిన తరువాత హ్రాస్తోవ్లే గోడ ఫోటోలు ప్రొజెక్టరు మీద చూపిస్తాము. యౌవనస్థులు తెల్ల దుప్పటి, వైరు పెట్టె సిద్ధం చేయవలెను. ముందు వరుసలో అవ్వలను కూర్చోబెట్టండి. మేము ఏమీ చెప్పకముందే, ఆ పదకొండుమంది ఎవరో, ఎక్కడికి పోతున్నారో వాళ్ళనే చెప్పమని అడుగుతాము.

ప్రభువు సేవలో,
మీ కాపరి